చెరువు తరఫున వకాల్తా ఎవరిది?

దేవరుప్పుల మండలంలో ఒక గొలుసుకట్టు చెరువు. ఈ సంవాదంలో మేనకోడలు జనగామ కోర్టులో వకీలు. మేనమామ ఆ చెరువు కింద వరి పండించే రైతు, ఒకప్పుడు నీటి సంఘానికి పెద్దగా చేసినవాడు, చెరువు లోపల శిఖం (నీళ్లు తగ్గాక బయటపడే నేల) పట్టా కూడా ఉన్నవాడు. ఆ చివరి సంగతి ముందే చెప్పడం మంచిది, వాదంలో సగం వేడి అక్కడి నుంచే వచ్చింది. గ్రామసభ ముందు పెట్టడానికి ఆమె ఒక పేజీ తీర్మానం రాసుకొచ్చింది. మా చెరువు ఎవరి ఆస్తీ కాదు, హక్కులున్న ప్రాణి. తన హద్దు మీద, తనలోకి వచ్చే వరద మీద, తనలో బతికే చేపలూ కొంగలూ కొనసాగడం మీద దానికి హక్కుంది. అది కోర్టుకు నడిచి రాలేదు కనుక దాని తరఫున సంరక్షకులు ఉంటారు. సారాంశం ఇంతే. మామ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

మేనమామ: బాగ రాసినవ్ బిడ్డా. ఒక్కటి అడుగుత. చెరువు మనిషైతే ఇంటి పన్ను కడ్తదా?

మేనకోడలు: నవ్వులాటకు తియ్యకు మామా. సిమెంటు కంపెనీ చట్టం ముందు మనిషే. దావా వేస్తది, భూమి కొంటది, అమ్ముతది. దానికి రక్తమాంసాలున్నయా? గుళ్లె దేవుడు కూడా వ్యక్తేనని 1925లనే ప్రివీ కౌన్సిల్ ఒప్పుకున్నది. అయోధ్య కేసుల రామ్‌లల్లా స్వయంగా కక్షిదారు, 2019ల గెలిచిండు. కంపెనీకి, దేవునికి ఉన్న హోదా చెరువుకు ఎందుకుండొద్దు?

మేనమామ: దేవుని ముచ్చట నువ్వే తెచ్చినవ్, మంచిదైంది. చట్టం లెక్కల దేవుడు ఎన్నడూ మైనరేనట గద, పెద్దగ కాడట. ఆయన పేరు మీద పట్టా ఉన్నది, ఆయన తరఫున దేవాదాయ శాఖ ఉన్నది. మరి దేవుని మాన్యాలు ఎవరి చేతుల ఉన్నయ్? ఏ మండలానికన్న పోయి అడుగు. హక్కు దేవునికి, కౌలు ఇంకొకనికి, కబ్జా మూడోవానికి. హోదా ఇచ్చినంత మాత్రాన కాపలా వచ్చిందా?

మేనకోడలు: కాపలా లేకపోతే అడిగే దారి అయినా ఉన్నది. దేవుని భూమి పోయిందని భక్తుడు కోర్టుకు పోవచ్చు. చెరువు పోయిందని పోతే వకీళ్లు అడిగే మొదటి మాట, నీకేం నష్టం జరిగింది అని. నీ పొలం ఎండిందా, నీ బోరు పోయిందా అంటరు. నాకేం కాలేదు, చెరువుకు అయింది అంటే ఆ మాట నిలవడానికి పీట లేదు. ఈ మాట నాది కాదు, 1972ల అమెరికాల క్రిస్టఫర్ స్టోన్ అనే లా ప్రొఫెసర్ చెట్లకు కోర్టుకెక్కే హక్కు ఉండొద్దా అని ఒక వ్యాసం రాసిండు. అప్పటిసంది నడుస్తున్న వాదం ఇది.

మేనమామ: అయోధ్య తీర్పు అన్నవ్ గద. దేవునికి హోదా ఇచ్చిండ్రు, సరే. ఆ జాగకు కూడా ఇచ్చిండ్రా?

ఈ ప్రశ్న మామ ఊరికే వేసింది కాదని పక్కనే కూర్చొని వింటున్న నాకు అనిపించింది. ఆమె ఒక్క క్షణం ఆగింది.

మేనకోడలు: ఇయ్యలేదు. జన్మస్థానం, అంటే నేలనే ఒక వ్యక్తిగా చూడాలని అడిగిండ్రు. సుప్రీంకోర్టు కాదన్నది. నేలకే హోదా ఇస్తే దాని మీద మిగతావాళ్లకున్న వాదనలన్నీ ఒక్క దెబ్బకు ఆరిపోతయి, అది న్యాయం కాదన్నది.

మేనమామ: అగో! నా భయం పెద్ద కోర్టే చెప్పింది. చెరువే మనిషైతే శిఖంల నేనెవరు? పరాయోన్నా? నా తాత కాలం నుంచి నీళ్లు తగ్గినంక అండ్ల జొన్న వేసినం, పెసర వేసినం. నీళ్లొస్తే వదిలిపెట్టినం. పట్టా ఉన్నా ఇల్లు కట్టొద్దని నాకు తెలుసు, కట్టలే. రేపు నీ సంరక్షకుడు వచ్చి, చెరువు ఒంటి మీద నాగలి పెట్టినవ్ అని నోటీసు ఇస్తే?

మేనకోడలు: నువ్వు నీళ్లు తగ్గినంక సాగు చేస్తున్నవ్. అది చెరువుకు హాని కాదు, మేలే. నేను అడుగుతున్నది నీ పక్క పట్టా గురించి. దాన్ని ఎవరు కొన్నరో నీకు తెలుసు, ఎందుకు కొన్నరో తెలుసు. మొరం ఎవరు పోస్తున్నరో కూడా తెలుసు.

మేనమామ: తెలుసు. ఆ మొరం ఆపడానికి చెరువు మనిషి కావాలా? నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నది. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు ఉన్నది, దాని బయట బఫర్ ఉన్నది. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలని బిల్డింగ్ రూల్స్‌లనే రాసి ఉన్నది. సుప్రీంకోర్టు 2011ల జగ్‌పాల్ సింగ్ కేసుల ఊరి చెరువుల కబ్జాలు ఖాళీ చేయించుమని అన్ని రాష్ట్రాలకు చెప్పింది. నేను వకీలును కాదు, సంఘం పెద్దగా ఉన్నప్పుడు ఈ కాగితాలు పట్టుకొని తహసీల్ చుట్టూ తిరిగినోన్ని. చట్టం కొదువ లేదు బిడ్డా.

మేనకోడలు: కొదువ ఉన్నది. చిత్తడి నేలల రూల్స్ 2017ల వచ్చినయ్. దేశం మొత్తం మీద ఇస్రో అట్లాస్‌ల లెక్కకట్టిన 2,01,503 చిత్తడి నేలలను కాపాడుమని అదే సంవత్సరం సుప్రీంకోర్టు చెప్పింది. అండ్ల మన చెరువు ఉంటదని నువ్వు అనుకుంటవ్. రూల్స్ తెరిచి చూడు. నదీ ప్రవాహాలు కాదు, వరి పొలాలు కాదు, తాగునీటి కోసం కట్టినవి కాదు, చేపల పెంపకానికి, ఉప్పుకు, సాగునీటికి కట్టినవి కాదు అని నిర్వచనంలనే పక్కకు పెట్టిండ్రు.

మేనమామ: సాగునీటికి కట్టినయ్ కాదా? మరి మన దగ్గర సాగునీటికి కట్టని చెరువు ఏది?

మేనకోడలు: అదే నేను అంటున్నది. రామప్ప, లక్నవరం, పాకాల, గణపురం, మన ఊరి కుంట, అన్నీ సాగుకే కట్టినయ్. వాటిల వందల ఏళ్లుగా తుంగ మొలిచింది, తామర పెరిగింది, వలస పక్షులు దిగినయ్. రూల్స్ కంటికి అవి నీళ్ల ట్యాంకులు.

(ఇక్కడ నా మాట ఒకటి. ఆ మినహాయింపు రాసినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో రాశారని అనుకోను. సాగునీటి కట్టడాలను నీటిపారుదల శాఖ చూసుకుంటుంది కదా, రెండు శాఖల పెత్తనం ఎందుకని అనుకొని ఉండవచ్చు. కానీ దక్కన్ పీఠభూమి మీద సహజమైన సరస్సులు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే, ఇక్కడి చిత్తడి అంతా మనుషులు గంపలతో మట్టి మోసి కట్టిందే. ఆ నిర్వచనం తెలంగాణను చూసి రాసింది కాదు. మామ కూడా ఈ చోట మొదటిసారి కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.)

మేనమామ: మనుషులు కట్టిన చెరువును ఏ కోర్టన్న ప్రాణి అన్నదా? గంగను అన్నరంటే అర్థమైతది. గంగ అమ్మవారు.

మేనకోడలు: చండీగఢ్‌ల సుఖ్నా అని ఒక సరస్సు ఉన్నది. 1958ల ఒక వాగుకు అడ్డంగా కట్ట పోసి కట్టింది. కార్బూజియే అనే ఆర్కిటెక్టు ఆ ఊరు కట్టినప్పటి పని. మన చెరువుకు తమ్ముడనుకో, వయసుల మాత్రం మస్తు చిన్నది. దాని వరద వచ్చే నేల మీద ఇండ్లు లేస్తున్నయని 2020 మార్చి 2న పంజాబ్–హర్యానా హైకోర్టు ఆ సరస్సుకు చట్టపరమైన వ్యక్తి హోదా ఇచ్చింది. చండీగఢ్ పౌరులందరూ దానికి తల్లిదండ్రుల స్థానంల ఉన్నరని చెప్పింది. రాసిన జడ్జి రాజీవ్ శర్మ. 2017ల ఉత్తరాఖండ్ హైకోర్టుల గంగ, యమునలకు వ్యక్తి హోదా ఇచ్చిన ధర్మాసనంల కూడా ఆయనే ఉన్నడు.

మేనమామ: గంగ తీర్పు ఏమైంది? అది కూడా చెప్పు.

మేనకోడలు: మార్చి 20న ఇచ్చిండ్రు, జూలై 7న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నది ఇతర రాష్ట్రాల నుంచి కూడా పోతది, ఒక్క రాష్ట్రపు చీఫ్ సెక్రటరీ సంరక్షకుడైతే ఎట్ల? వరదల ఎవరన్న చస్తే నష్టపరిహారం కోసం నది మీద దావా వేస్తరా, దాని తరఫున మేము కట్టాల్నా? ఉత్తరాఖండ్ ప్రభుత్వమే పోయి ఇట్ల అడిగింది.

మేనమామ: సర్కారు అడిగిన మాటలల్ల నాకు నచ్చిన మాట ఇదొక్కటే. 2024 సెప్టెంబరు 1 యాదికి తెచ్చుకో. మహబూబాబాద్ జిల్లాల వానకు చెరువులు తెగి ఇంటికన్నె, కేసముద్రం నడుమ రైలు పట్టాల కింద కంకర కొట్టుకపోయింది. పట్టాలు ఊయల లెక్క ఏలాడినయ్. దానికి ముందటేడు జూలైల భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి, ఊరికి ఊరే మునిగింది, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మన చెరువు తెగి కింది ఊరి పొలాల ఇసుక మేటేస్తే ఆ రైతు ఎవరి మీదికి పోవాలె? చెరువు మీదికా? చెరువు జేబుల ఏమున్నది? ఇంకొకటి. గొలుసుకట్టు అన్నంక మా చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువు నిండేది. రేపు నీళ్లు తక్కువైన ఏడు కింది చెరువు మీది చెరువు మీద కేసు వేస్తదా? ఇద్దరి దిక్కూ నువ్వే వకీలువైతవా?

మేనకోడలు: ఫీజు రెండు దిక్కులా వస్తది.

ఇద్దరూ నవ్వారు. కానీ గొలుసుకట్టు మాట తేలిగ్గా తీసేసేది కాదు. ప్రకృతి హక్కుల గురించి రాసేవాళ్లు నది, సరస్సు, అడవి అని ఒక్కొక్కదాన్ని విడిగా ఊహిస్తారు. ఇక్కడ ఒక్క చెరువు అంటూ ఉండదు. పై చెరువు మత్తడి కింది చెరువుకు పుట్టుక. హక్కు ఇవ్వాల్సి వస్తే వాగు మొదటి కుంట నుంచి చివరి చెరువు దాకా మొత్తం గొలుసుకే ఇవ్వాలి. ఆమె తీర్మానంలో ఆ మాట లేదు. ఉండాలని నేనన్నాను. ఆమె పెన్నుతో పక్కన రాసుకుంది.

మేనకోడలు: గొలుసు అని రాస్త. కానీ మామా, కేసముద్రం కాడ ఏం జరిగిందో నువ్వే ఇంకోసారి అనుకో. నీళ్లు పొయ్యే దారి ఇరుకైతే, వాగులల్ల ఇండ్లు లేస్తే, వాన ఎక్కువైన నాడు కట్ట మీద పడ్తది బరువు. దారి హక్కు చెరువుకు ఉంటే తెగడం తగ్గుతది. నష్టం ఎవరు కట్టాలన్నదానికి జవాబు కూడా చట్టంల రాసుకోవచ్చు. న్యూజీలాండ్‌ల వాంగనుయి నదికి 2017ల పార్లమెంటు చట్టమే చేసింది, కోర్టు తీర్పు కాదు. సర్కారు ఒకరిని, మావోరీ తెగలు ఒకరిని, ఇద్దరు సంరక్షకులను పెట్టుకున్నరు. నది పేరు మీద 3 కోట్ల డాలర్ల నిధి పెట్టిండ్రు. చెరువు జేబుల ఏమున్నది అన్నవ్ గద, ఆ నది జేబుల అది ఉన్నది.

మేనమామ: వాళ్లకు ఊరికే ఇచ్చిండ్రా?

మేనకోడలు: ఊరికే కాదు. నది మాదని ఆ తెగలు వందేళ్లకు మించి కొట్లాడినయ్.

మేనమామ: నదికి ఇచ్చిండ్రు అంటవ్. నాకేమో ఆ మనుషులకు ఇచ్చిండ్రు అనిపిస్తది. మనుషుల కొట్లాటకు నది పేరు పెట్టిండ్రు. మన దగ్గర కొట్లాట లేదా? కడవెండి ఇదే మండలం. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్యను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపిండ్రు. పాలకుర్తిల ఐలమ్మ గింజ ఇయ్యనని నిలవడ్డది. ఎవరి కోసం? భూమికి హక్కు ఇయ్యమని కాదు, దున్నేటోనికి ఇయ్యమని. ఈ నేల మీద పుట్టినోని చెవుల "భూమికే హక్కు" అన్న మాట ఎట్ల పడ్తదో జర ఆలోచించు. దొరలు చెరువు మాదే అన్నరు. తర్వాత సర్కారు నాదే అన్నది. ఇప్పుడు చెరువు నాదే అని చెరువే అంటది. దాని నోట్ల మాట పెట్టేది ఎవరు? మళ్ల ఆఫీసరే.

ఈ మాటకు ఆమె దగ్గర పుస్తకంలోంచి తీసిన జవాబు లేదు. నా దగ్గరా లేదు. సాయుధ పోరాటం నడిచిన ఊళ్లలో ప్రకృతి హక్కుల గురించి మాట్లాడేవాళ్లు ఈ ప్రశ్న దాటకుండా ముందుకు పోలేరు. హైదరాబాద్ సెమినార్ హాల్లో అయితే ఎవరూ అడగరు.

మేనకోడలు: ఆఫీసర్ వద్దనే రాసిన. చదువు. చేపల సంఘం నుంచి ఒకరు, బట్టలుతికేటోళ్ల నుంచి ఒకరు, ఆయకట్టు రైతు ఒకరు, శిఖం రైతు ఒకరు, మహిళా సంఘం నుంచి ఒకరు. ఐదుగురు. సర్పంచ్ కూడా లేడు.

మేనమామ: శిఖం రైతును పెట్టినవా?

మేనకోడలు: పెట్టిన. నువ్వు ఉండాలనే పెట్టిన.

మేనమామ: ఊఁ. 1997 చట్టం కింద నీటి సంఘాలు పెట్టినప్పుడు ఓటు ఆయకట్టు రైతుకే ఇచ్చిండ్రు. చాపలు పట్టేటోళ్లు మీటింగుకు రావొచ్చు, ఓటు లేదు. యాసంగిల నీళ్లు పంచుకునే తైబందీకి కూర్చుంటే నీళ్లు అడుగంట వాడుకుందామని మేమందరం చేతులెత్తెటోళ్లం. చాపలు ఏడ పోవాలె అని అడిగేటోడు అండ్ల ఒక్కడు లేడు. నీ ఐదుగురు ఆ సంఘం కంటే నయమే. కానీ పని చేసేది ఎవరు? పాతకాలపోళ్లు చెరువుకు హక్కు ఇయ్యలే బిడ్డా. చెరువు చూసుకునేటోనికి మాన్యం ఇచ్చిండ్రు. కట్ట బాగు చేసేటోనికి దశబంధం. నీరటికాడికి ఇనాం, కల్లం కాడ గింజలు. వాడు అర్ధరాత్రి వాన పడితే లేచి తూము కాడికి పోయేటోడు. ఎందుకు? వాని బువ్వ అండ్ల ఉన్నది.

మేనకోడలు: ఆ నీరటికాడు ఇయ్యాల ఏడీ? ఊరి రెవెన్యూ సహాయకులల్ల, అంటే వీఆర్‌ఏలల్ల కలిపిండ్రు, 2023ల వీఆర్‌ఏ వ్యవస్థనే తీసేసి ఇతర శాఖలకు పంచిండ్రు. తూము షట్టర్ ఎత్తాలంటే నువ్వే పానా పట్టుకొని పోతున్నవ్.

మేనమామ: అందుకే అంటున్న. హక్కు రాయకు, జీతం రాయి.

మేనకోడలు: రెండూ రాస్త. కానీ పాతకాలాన్ని అంత తెల్లగ చూడకు మామా. అప్పటోళ్లు చెరువును సప్త సంతానాలల్ల ఒకటి అన్నరు. కొడుకు, కావ్యం, గుడి, తోట, చెరువు ఒకే వరుస. బయ్యారం చెరువు కట్టించింది గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టుకున్నది. కన్న బిడ్డ అని ఒప్పుకున్నోళ్లకు చెరువుకు హక్కు అంటే అంత కొత్తగ అనిపించకపోవు.

మేనమామ: బిడ్డ సరే, ఎవరి బిడ్డ? పుణ్యం రాణికి పోయింది. మట్టి మోసిన ఒడ్డెరలు, ఉప్పరోళ్లు ఏ శాసనంల ఉన్నరు?

ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేదు కానీ, ఇక్కడ నుంచి మాట హోదా వదిలి చెరువు మీదికి వచ్చింది. నా ఉద్దేశంలో అసలు సంవాదం ఇదే.

మేనకోడలు: మిషన్ కాకతీయ 2015ల మొదలైంది. రాష్ట్రంల 46 వేలకు పైన చెరువులు లెక్క తీసిండ్రు. మన చెరువుల పూడిక తీసిండ్రు. నీకు సంతోషమే.

మేనమామ: ఎందుకు కాదు? ఆ ఒండ్రు చెలకల పోసుకున్నోళ్లు మందు బస్తాలు తగ్గించిండ్రు. కట్ట గట్టిపడ్డది, తూము మార్చిండ్రు. చెరువుల మీద అంత పైసా పెట్టిన సర్కారును నేను ముందు చూడలే.

మేనకోడలు: నిజమే. కానీ జేసీబీ ఎక్కడ దిగింది? మట్టి మంచిగున్న దగ్గర, ట్రాక్టర్ తిరగడానికి వీలున్న దగ్గర. అంచు నిలువుగ కోసుకపోయింది. చెరువంటే గుంత కాదు గద. తొలకరికి జానెడు నీళ్లు నిలిచే పల్చటి అంచు ఉండాలె. తుంగ అక్కడనే మొలుస్తది, పరకలు అక్కడనే గుడ్లు పెడ్తయి, కొంగ కాలు మునగకుండ నిలవడేది కూడా అక్కడనే. ఇప్పుడు ఒడ్డు దిగితే సీదా నడుమెత్తు లోతు. బర్రెలు కూడా దిగడానికి జంకుతున్నయ్. నీటి లెక్కల చెరువు బాగైంది. చిత్తడి లెక్కల చిక్కిపోయింది. నా తీర్మానంల చెరువుకు తన ఆకారం మీద హక్కు అని రాసింది దీనికే.

మేనమామ: ఆకారం మీద హక్కు. (ఆగి) నువ్వు ఆ ముక్క తెలుగుల సరిగ్గ రాయలే. "పల్చటి అంచు తవ్వొద్దు" అని రాయి, అందరికీ సమజైతది.

మేనకోడలు: రాస్త. ఇగ వరద కాల్వ.

మేనమామ: అది నేను చెప్త. రోడ్డు కాడ వెంచర్ వేసిండ్రు గద. ఫీడర్ చానల్ మీద నుంచి రోడ్డు పోసిండ్రు, కింద ఒక సిమెంటు గూన పెట్టిండ్రు. ఇంత, నా మోకాలు దాటదు. వాన నీళ్లు వచ్చి ఆ గూన కాడ ఆగి పక్క చెలకలల్లకు మర్లుతయ్. గూనల సంచులు, థర్మాకోల్ ఇరుక్కొని ఉంటయ్. అడుగుదామంటే మనోళ్లే అంటరు, దేవాదుల నీళ్లు కాల్వల వస్తున్నయ్ గద, వరద కాల్వతోటి ఏం పని అని. గోదావరి నీళ్లు వచ్చినయ్, మేలే జరిగింది, కాదనను. ఈ ఎత్తుగడ్డ మీద యాసంగి పంట చూస్తున్నమంటే ఆ నీళ్లతోనే. కానీ మోటర్ బంద్ చేస్తే ఆగే నీళ్లు అవి. పైనుంచి వచ్చే వరద ఎవరు బంద్ చేసినా ఆగేది కాదు. ఇప్పుడు దాన్నే బంద్ చేసిండ్రు.

మేనకోడలు: ఆ గూన మీద నువ్వు కేసు వెయ్యగలవా? నీ పొలం ఎండలేదు, దేవాదుల నీళ్లు పారుతున్నయ్. నీకు నష్టం లేదు. నష్టం చెరువుకు, కేసు వెయ్యాల్సింది చెరువే. హోదా ఎందుకు అడుగుతున్ననో ఇప్పుడన్న సమజైందా?

మామ జవాబివ్వలేదు. ఇది ఆమె వాదంలో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించిన ముక్క. మనిషి నష్టం, చెరువు నష్టం ఒక్కటిగా ఉన్నన్నాళ్లు మనిషి హక్కు చాలు. ఎత్తిపోతల నీళ్లు వచ్చాక ఆ రెండూ విడిపోయాయి. ఆయకట్టు పచ్చగా ఉండగానే చెరువు చచ్చిపోవచ్చు.

మేనమామ: తిరుపతిల కేసు అయింది గద, చెరువుల మీద. అప్పుడు చెరువుకు హోదా ఉండెనా?

మేనకోడలు: లేదు. అవిలాల చెరువు, పేరూరు చెరువు. 1991, 1994 జీవోలతోటి హౌసింగ్ బోర్డుకు, పట్టణాభివృద్ధి సంస్థకు ఇచ్చేసిండ్రు. ఇంటెలెక్చువల్స్ ఫోరం అనే సంఘం కోర్టుకు పోయింది, హైకోర్టుల ఓడింది, 2006ల సుప్రీంకోర్టుల గెలిచింది. చెరువులు ప్రజల తరఫున సర్కారు చేతిల ఉన్న నమ్మకపు ఆస్తి, సర్కారు యజమాని కాదు అన్నరు. కానీ అప్పటికే కట్టినయ్ కట్టినట్టే ఉన్నయ్, ఇక మీద కట్టొద్దు అన్నరు. మొదటి జీవో నుంచి తీర్పు దాకా పదిహేనేండ్లు.

మేనమామ: హోదా లేకుండనే గెలిచిండ్రు.

మేనకోడలు: గెలిచినంక చెరువు ఎంత మిగిలిందో కూడా అడుగు.

మేనమామ: హోదా ఉంటే తొందరగ అయ్యేదా? మద్రాసుల ప్రకృతి మాతకు హోదా అన్నరని పేపర్ల చదివిన.

మేనకోడలు: 2022 ఏప్రిల్, మదురై బెంచ్. (నవ్వి) ఆ కేసు నీకు చెప్పొద్దనుకున్న. అడవి పోరంబోకుకు పట్టా ఇచ్చిన రెవెన్యూ ఉద్యోగిని నిర్బంధంగ రిటైర్ చేసిండ్రు, ఆయన కోర్టుకు పోయిండు. ఆ తీర్పులనే ప్రకృతి మాతకు ప్రాణమున్న వ్యక్తి హోదా ఇచ్చిండ్రు. ఉద్యోగికి శిక్ష తగ్గించిండ్రు.

మేనమామ: అంటే తల్లికి బిరుదు, కొడుకుకు మాఫీ!

మేనకోడలు: అందుకే కోర్టు మాటల మీద కంటే ఊరు రాసుకునే కాగితం మీద నాకు నమ్మకం. స్పెయిన్‌ల మార్ మెనోర్ అని ఉప్పునీటి సరస్సు ఉన్నది. చుట్టూ పొలాల ఎరువులు కొట్టుకొచ్చి 2019ల చేపలు గుట్టలు గుట్టలుగా ఒడ్డుకు వచ్చి చచ్చినయ్. జనం ఆరు లక్షలకు పైన సంతకాలు పెట్టి చట్టం అడిగిండ్రు. 2022ల పార్లమెంటు ఆ సరస్సుకు హోదా ఇచ్చింది. ఎవరైనా దాని తరఫున కోర్టుకు పోవచ్చు. 2024ల వాళ్ల రాజ్యాంగ కోర్టు కూడా ఆ చట్టం చెల్లుతదన్నది.

మేనమామ: అక్కడి రైతులు ఊకున్నరా?

మేనకోడలు: ఊకోలేదు. అమెరికాల అయితే అసలే ఊకోలేదు. టొలీడో ఊరోళ్లు 2019 ఫిబ్రవరిల ఓటేసి ఈరీ సరస్సుకు హక్కుల పత్రం రాసుకున్నరు. తెల్లారే ఒక రైతు కుటుంబం కోర్టుకెక్కింది, ఏ పని హాని కిందికి వస్తదో పత్రంల సాఫ్‌గ లేదు, నేను ఎరువేస్తే నేరమా అని. ఏడాదికి జడ్జి పత్రాన్ని కొట్టేసిండు. మాటలు మరీ గాలిల ఉన్నయన్నడు.

మేనమామ: ఆ రైతు మన మనిషే. నీ కాగితం కూడా గాలిలనే ఉన్నది బిడ్డా. "వికసించే హక్కు" అని రాసినవ్. చెరువు వికసించుడేంది? ఏ తుమ్మ కొట్టాలె, ఏ తుంగ ఉంచాలె, గుర్రపుడెక్క ఎవరు తియ్యాలె, మొరం ఏ రాయి దాటి పొయ్యొద్దు, గూన తీసి ఎంత వెడల్పు మోరీ కట్టాలె, తైబందీల చాపలకు ఎంత నీళ్లు విడవాలె, గివి రాయి. కింద సంరక్షకులకు ఏడాదికి ఇంత అని గ్రామపంచాయతీ పద్దు రాయి. పైన నీ హోదా పెట్టుకుంటవా, పెట్టుకో. నేను చెయ్యెత్త, అడ్డం కూడ పడ.

మేనకోడలు: హోదా లేకుంటే ఇవన్నీ విన్నపాలే మామా.

మేనమామ: ఇవి లేకుంటే నీ హోదా బోర్డే. కట్ట మీద పాతి దండేస్తరు.

ఆమె కాగితం తిప్పి వెనక ఖాళీ దిక్కున మామ చెప్పినవి రాయడం మొదలుపెట్టింది. ఎఫ్‌టీఎల్ రాయి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

మేనకోడలు: మొరం ఏ రాయి దాటొద్దు అన్నవ్. ఆ రాళ్లు ఏడున్నయ్?

మేనమామ: కొన్ని పాతిండ్రు. కొన్ని పీకిండ్రు. నక్షాల ఉంటది.

మేనకోడలు: నక్షా ప్రకారం పాతితే లైను నీ చెలక నడుమ నుంచి పోతది కావచ్చు.

మేనమామ: పోతది. కొంచెం కాదు, బాగనే పోతది. నాకు తెల్వదనుకున్నవా? దున్నుకుంట, ఇల్లు కట్ట, అని ఆ ముక్క కూడా అండ్లనే రాయి. నాకు రాసింది నా పక్కోనికి కూడా వర్తిస్తది గద.

మేనకోడలు: వర్తిస్తది. కానీ నక్షా నా దగ్గర లేదు. నీటిపారుదల శాఖను ఆర్టీఐల అడగాలె.

మేనమామ: అడుగు మరి. చెరువు పేరు మీదనే వెయ్యి.

మేనకోడలు: తీసుకోరు. పౌరులే అడగాలని చట్టం.

మేనమామ: గట్లనా? అయితే నా పేరు మీద వెయ్యి. పది రూపాయల ఫీజే గద, నేనిస్త. సంతకం దరఖాస్తు మీద పెడ్త. తీర్మానం మీద కాదు, అది నక్షా చూసినంక.